“కల్లు” శబ్దవిచారము

కల్లూరను పేరుగల గ్రామములు తెలుఁగుదేశమునఁ బెక్కులు గలవు. కర్నూలుచెంత నొకటియు, ఖమ్మముమండలమున నొకటియు సుప్రసిద్ధములు. ఈ పేరున కర్థమేమని బడిపిల్లవాఁ డడిగినచో నుపాధ్యాయుఁడు చెప్పుటకు సిద్ధముగా నుండు సమాధాన మొక్కటియే: పూర్వ మచ్చటఁ గల్లు విరివిగా దొరకెడిది, కావున నది కల్లూరైనది. ఈ మాట రుచింపనివాఁడు కల్యాణపురమనియో, కలాపురమనియో యొక సంస్కృతరూపమును గల్పించి యూరిగౌరవమును నిలుపఁ జూచును. మొదటిది తొందరపాటు, రెండవది కల్పన. రెంటికిని బ్రమాణము లేదు.

ముందుగా నడుగవలసిన ప్రశ్న యొకటి కలదు. కల్లూరునందలి కల్లు ఏ కల్లు? ఈ ప్రశ్న తెలుఁగువానికిఁ దోఁపకపోవుట వింత గాదు. తెలుఁగున రెండు కల్లులును నొకే తీరున వ్రాయఁబడును, ఒకే తీరునఁ బలుకఁబడును. ఇవి రెండు వేఱు మాటలని పొరుగుభాషలఁ జూచినప్పుడే స్పష్టముగాఁ దెలియును.

తమిళమునఁ దిరుక్కుఱళునందు నలువదియొకటవ యధికారమునకుఁ బేరు ‘కల్లామై’. ఇరువదితొమ్మిదవ దానికిఁ బేరు ‘కళ్ళామై’. మొదటిది చదువుకొనకుండుట, అది నిందింపఁబడినది. రెండవది దొంగిలింపకుండుట, అది విధింపఁబడినది. తొంబదిమూఁడవది ‘కళ్ళుణ్ణామై’, అనఁగాఁ గల్లు త్రావకుండుట. ఈ మూఁడు పేరులను దెలుఁగుచెవితో విన్నవానికి మూఁడును నొకే ధాతువునుండి పుట్టినట్లు తోఁచును. తమిళుని చెవికి ల-ళల భేదము స్పష్టము గావున నట్టి భ్రాంతి కలుగదు. అవిద్యయు నస్తేయమును, ఒకటి పాపము నొకటి పుణ్యమునై, ఒక్క యక్షరముచేతనే వేఱగుచున్నవి. ఈ యక్షరమును బోఁగొట్టుకొన్న భాషయం దెంత చిక్కు కలుగునో తెలియుటకు నిది చాలును.

తమిళమున ‘కల్’ అనఁగా ఱాయి. అదే ధ్వనిగల మఱియొక ‘కల్’ క్రియాధాతువు. నేర్చుకొనుట దాని యర్థము. విద్యకుఁ ‘గల్వి’ యను పేరు దీనినుండియే వచ్చినది. ‘కళ్’ అనఁగా తాటి మున్నగు చెట్లనుండి తీసిన పులిసిన రసము. వేఱొక ‘కళ్’ ధాతువునకు దొంగిలించుట యర్థము. ‘కళ్ళన్’, ‘కళ్వన్’ అనఁగా దొంగ. ఇవి చాలవన్నట్లు బహువచనప్రత్యయమును ‘కళ్’ అనియే యుండును. కన్నడమున ఱాయి ‘కల్లు’, మద్యము ‘కళ్ళు’, దొంగ ‘కళ్ళ’. మలయాళమునను నీ భేదము చెడలేదు.

దూరభాషయైన బ్రాహుయీసాక్ష్యము మిక్కిలి విలువైనది. బలూచిస్థానమున నితర ద్రావిడభాషల కెడమై యొంటరిగా నిలిచియున్న యా భాషలో ఱాయిని ‘ఖల్’ అందురు. ఇందలి ఖకారము సంస్కృతవర్గీయాక్షరము గాదు. కంఠమునుండి యొరసికొనుచు వెలువడు నూష్మధ్వని. ఆ భాషలోఁ గన్నును ‘ఖన్’ అనియే యందురు. కన్నునందు ద్రావిడ కకారమున కేధ్వని వచ్చెనో ఱాతియందు నదే ధ్వని వచ్చినది. ఇట్లు క్రమము గనఁబడుటయే సంబంధమునకు గుఱుతు. డెనిస్ బ్రే 1909లోను, 1934లోను ప్రకటించిన బ్రాహుయీగ్రంథములచే నిట్టి పదములు పండితుల కందుబాటులోనికి వచ్చినవి. కాని యిచ్చటను హెచ్చరిక యవసరము. ఛోటానాగపురప్రాంతమందలి కుడుఖుభాషలో నించుమించుగా నీ ధ్వనియే పొలమునకుఁ బేరు. అది ఱాయి గాదు. అది తమిళ ‘కళమ్’, తెలుఁగు ‘కళ్లము’ మున్నగువాని కుటుంబమునకుఁ జెందినదిగా నెంచఁబడుచున్నది. రెండు భాషలును ద్రావిడములే. రెండు మాటలును జెవి కొక్కటియే. మూలములు మాత్రము వేఱు.

తెలుఁగున సంగతి వేఱు. మూలద్రావిడ ళకారము తెలుఁగునఁ బెక్కుతావుల లకారమున లీనమైనది. లాక్షణికులు ల-ళల కభేదము చెప్పి యతిప్రాసల యందుఁ జెల్లించుట యీ సంకరమునకుఁ దోడుపడినదే. విశేషమేమనఁగా, ళకారము భాషనుండి పోలేదు, తావు మార్చుకొన్నది. సంస్కృత ‘కలా’ శబ్దము తెలుఁగునఁ ‘గళ’ యైనది, నలుఁడు నళుఁడైనాఁడు. కన్ను బహువచనమునఁ గండ్లయి, వాడుకలోఁ గళ్ళయినది. ఆ వాడుకరూపమును గన్నడిగుఁడు విన్నచో నతనికి మద్యము స్ఫురించును. ఉండవలసినచోట లేక, లేనిచోట వచ్చి కూర్చుండిన యీ యక్షరమును నమ్మి మూలమును నిర్ణయింపఁ బూనుట సాహసము.

అట్లయిన తెలుఁగున ఱాతికిఁ గల్లను పేరు కలదనుటకుఁ బ్రమాణమేమి? ఒంటిగా ‘కల్లు తెమ్ము’ అన్నచో నేఁడెవ్వఁడును ఱాయి తేఁడు. ‘ఱాయి’ యను మాట యా స్థానము నాక్రమించినది. కాని సమాసములలోఁ బ్రాఁతమాట దాఁగియున్నది. పెండ్లియందు వధువు సన్నికల్లు త్రొక్కును. ఆ కర్మమునకు వైదికనామ మశ్మారోహణము. అశ్మ యనఁగా ఱాయి. మంత్రము చెప్పు పురోహితుఁడు సంస్కృతమున నే వస్తువును బేర్కొనునో, పేరంటాండ్రు తెలుఁగున నదే వస్తువును బేర్కొనుచున్నారు. ఇంతకంటె ఘనమైన నిఘంటువు మఱొకటి యుండదు. యుద్ధమున మడిసిన శూరుని జ్ఞాపకార్థము నిలిపిన శిలను వీరగల్లందురు. కన్నడమునను నదియే పేరు, తమిళమున ‘నడుకల్’. వీనిలో నే యొక్కదానియందును మద్యప్రసక్తి లేదు.

అన్నిటికంటెఁ బ్రసిద్ధమైన సాక్ష్య మోరుగల్లు. కాకతీయరాజధానికి సంస్కృతమున నేకశిలానగరమని వ్యవహారము. ఓరు అనఁగా నొకటి. కల్లు అనఁగా శిల. ఆ కాలపుఁ బండితులు నగరనామమును ముక్కముక్కగా విడఁదీసి, ప్రతిముక్కకును సరియైన సంస్కృతపదమును నిలిపిరి. కోటలోపలి యేకశిలాగుట్ట నేఁటికిని గనఁబడుచున్నది. భాషాంతరీకరణమువలన నొక పదమున కా కాలపువా రే యర్థమును గ్రహించిరో నిస్సందేహముగాఁ దెలియు ఘట్టము లరుదు. ఇది యట్టివానిలో నొకటి. ఈ పేరే విభక్తి చేరినప్పుడు ‘ఓరుగంటి’ యగును. ఇల్లు ఇంటి, విల్లు వింటి యైనట్లు. ఈ రూపము నింటిపేరుగాఁ గలవారు పెక్కుమంది యున్నారు. ‘గంటి’ యను భాగమును గన్నునుండి వచ్చినదని భావించి యొంటికన్ను కథ యల్లుటకు నెంతసేపు పట్టును? కన్నును విభక్తియందుఁ గంటియే కదా. వ్యాకరణక్రమము నెఱుఁగుటచేతనే యీ కథ పుట్టకుండఁ బోయినది.

ఈ చిన్నపదము పోతనామాత్యుని నివాసవివాదమునందును బ్రవేశించినది. భాగవతావతారికయం దేకశిలానగరప్రసక్తి కలదు. ఒక పక్షమువా రది యోరుగల్లనిరి. మఱియొక పక్షమువా రది కడపమండలమందలి యొంటిమిట్ట యనిరి. అచ్చటి కోదండరామాలయమున సీతారామలక్ష్మణవిగ్రహము లొకే శిలయందుఁ జెక్కఁబడియుండుట వీరికి ముఖ్యాధారము. ఇరుపక్షములవారును బ్రాంతాభిమానమును గొంత చేర్చుకొని వాదించిరి, అది సహజము. శబ్దమును మాత్రము విచారింపఁగాఁ దోఁచున దిది: ‘ఓరుగల్లు’నకు ‘ఏకశిల’ యక్షరశః పరివర్తనము. ‘ఒంటిమిట్ట’యం దొంటి యనునది యేకమునకు సరిపోవును గాని, మిట్ట శిల గాదు, మిట్ట యెత్తైన నేల. కావున నీ పేరునుండి యేకశిలాశబ్దము నేరుగా రాఁజాలదు; విగ్రహముల మీఁదుగా రావలయును. నేరుదారి యుండఁగాఁ జుట్టుదారి యేల యని యడుగుట న్యాయమే. బమ్మెర యను గ్రామ మోరుగంటిప్రాంతముననే యుండుట మొదటిపక్షమునకు మఱియొక బలము. అయినను శబ్దవిచారము నగరనామము నెఱిఁగింపఁగలదు గాని, కవి యే యింటఁ గాపురముండెనో చెప్పఁజాలదు. రెండవ పక్షమువారిని శబ్దబలముచేతనే యోడించితిమని మొదటి పక్షమువారు సంతసించినచో నది తొందరపాటే యగును.

ఇఁక మిగిలిన బంధువులు. తమిళ కన్నడములందు దొంగతనమునకుఁ గల ‘కళ్’ తెలుఁగునఁ ‘గల్ల’ యై యసత్యము నర్థముగాఁ గొన్నది. దొంగకుఁ దెలుఁగువాఁడు వేఱు మాటను వాడుకొని, దాఁచుట, వంచించుట యను భాగమును మాత్రమే యిందు నిలుపుకొన్నాఁడు. తమిళ ‘కళ్ళమ్’ చౌర్యమును గపటమును రెంటిని దెలుపుచుండుటచే నీ యర్థపరిణామమునకు నడుమ మెట్టు దొరకుచున్నది. ‘కల్లరి’ యన్నను మోసగాఁడే. కల్లు త్రాగినవాఁడు కల్లలాడును గావున నివి రెండు నొకటియే యని చమత్కరించువారు చమత్కారమునకే పరిమితు లగుట మేలు. నేర్చుకొనుట యర్థముగాఁ గల ‘కల్’ తెలుఁగునఁ గల్లుగా నిలువలేదు. అది ‘కఱచు’ నందును, నేర్పుట యర్థమైన ‘కఱపు’ నందును ఱకారమై దాఁగినది. తమిళమునను భూతకాలరూపమున నా ధాతువునకు శకటరేఫమే వచ్చుటచే నీ మార్పు వింత గాదు. ఈ విధముగా జూడఁగాఁ గంటికి దగ్గఱగా నున్న కల్లును గల్లయు దూరపువారు. పోలికయే లేని కల్వియుఁ గఱపును దగ్గఱి చుట్టములు.

కలుపుమొక్క మాట మఱింత మోసకరమైనది. పైరులోఁ గలసి పెరుగును గావునఁ గలుపు అని చెప్పుట యెంత సుకరము! రైతును గాదనఁడు, పండితుఁడును దల యూఁపును. కాని తమిళమున నీ గడ్డి ‘కళై’, కన్నడమునఁ ‘గళె’. కలియుట యను ధాతువో తమిళమున లకారముతోడి ‘కల’. కలుపుట వేఱు, కలుపు తీయుట వేఱు. తమిళ ‘కళై’ క్రియగా నున్నప్పుడు పెఱికివేయుట, తొలఁగించుట యని యర్థము. కావున మొక్కకుఁ బేరు పైరుతోఁ గలయుటవలన వచ్చినది గాదు. పొలమునుండి పెఱికివేయఁబడుటవలన వచ్చినది. మొదటి వ్యుత్పత్తిలో మొక్క చేయు పని కలదు. రెండవదానిలో రైతు చేయు పని కలదు. ధాన్యము నూర్చు కళ్లమును, యుద్ధభూమి యైన ‘కలను’ను నిట్లే ‘కళమ్’ అను నొక్క మూలమునఁ జేరును. తమిళ ‘కళమ్’ రెంటికిని బేరే. తెలుఁగున నొకటి రైతునొద్దను, ఒకటి కవియొద్దను బెరిగి, యొకదాని నొకటి గుఱుతింపలేని స్థితికి వచ్చినవి. ఋగ్వేదమునందే కనఁబడు ‘ఖల’ శబ్దమునకును గళ్లమే యర్థము; ఆ మాట యెచ్చటినుండి యెచ్చటికిఁ బోయినదను విషయమునఁ బండితులలో నైకమత్యము లేదు.

సంస్కృతప్రసక్తి వచ్చినది గావునఁ గల్యశబ్దమును జూడవలయును. సంస్కృతమున ‘కల్య’ మనఁగాఁ బ్రత్యూషము. అమరకోశమం దీ యర్థము కలదు. ఆరోగ్యవంతుఁడనియు నర్థము కలదు. మద్యమనియు నొక యర్థము కలదు; మద్యము చేసి విక్రయించువాఁడు కల్యపాలుఁడు. కల్హణుని రాజతరంగిణిలో నీ పేరు వచ్చును. హిందీయందలి ‘కలాల్’, ‘కల్వార్’ అనునవి దీని సంతతి. ఇంతమాత్రముచేతఁ దెలుఁగు కల్లు సంస్కృత కల్యమునకు వికృతి యనువారు కలరు. వారి మాట సరియైనచోఁ దమిళమున లకారము గనఁబడవలయును, కనఁబడుచున్నది ళకారము. సంస్కృతమున లేని ళకారము నొక్క మద్యమునందే తమిళులు, కన్నడిగులు, మలయాళులు నందఱును గూడఁబలుకుకొని చేర్చిరనుట నమ్మఁదగినది గాదు. దక్షిణపు ‘కళ్’ ఉత్తరమునకుఁ బోయి, ళకారమును గోల్పోయి, ముందే యున్న కల్యశబ్దములోఁ జొచ్చెననుటయే యుక్తతరము. ప్రభాతమునకును మద్యమునకును నొక్క పేరగుట కింతకంటె సులభమైన కారణము దొరకదు.

ప్రత్యూషార్థక కల్యమునుండియే హిందీ ‘కల్’ వచ్చినది. అది నిన్నయు నగును, రేపు నగును. క్రియయొక్క కాలమే దానిని నిర్ణయించును. మరాఠీ ‘కాల్’ నిన్నటికి మాత్రమే చెల్లును. హిందీలోనే యంత్రమునకును ‘కల్’ అని పేరు, అది కలాశబ్దభవము. తుర్కీభాషలో ‘కల్’ అన్నచో నుండుమని యాజ్ఞ, పారసీకమున బట్టతల. ఈ పట్టికను నెంతదూరమైనను బెంపవచ్చును, ఫలము తక్కువ. ఒక హల్లు, ఒక యచ్చు, మరల నొక హల్లు గల పదమునకు లోకమున నెన్ని భాషలు గలవో యన్ని యర్థములు దొరకును.

అయినను ఫిన్నిషుభాషను విడిచిపెట్టరాదు. 1856లో ద్రావిడభాషాతులనాత్మకవ్యాకరణమును బ్రకటించిన కాల్డ్వెల్ ద్రావిడభాషలకును శకభాషలని తాను బిలిచిన కుటుంబమునకును సంబంధమును జూపఁ బ్రయత్నించెను. ఫిన్నిషు నా కుటుంబములోనే యుండెను. ఆ ఫిన్నిషున ‘కల్లియో’ యనఁగాఁ బెద్దఱాయి. ‘కల్యా’ యనఁగాఁ దేలికైన యవమద్యము. ఱాయియు మద్యమును రెండును దొరకినవి! దక్షిణమున రెండు కల్లు లుండఁగా నుత్తరధ్రువప్రాంతమున రెండును సిద్ధమై యుండుటకంటె బలమైన సాక్ష్య మేమి కావలయునని యుత్సాహవంతుఁ డడుగును. కాని ‘కల్లియో’ జర్మానికభాషలనుండి ఫిన్నిషులోనికి వచ్చిన యెరవుమాట యని భాషావేత్తలు నిర్ణయించిరి. గోథికుభాషలో బండకు ‘హల్లుస్’ అని పేరు. సాక్షి యనుకొన్నవాఁడు పరదేశియై తేలినాఁడు. ఇట్టి జోడుపోలిక యొకటి కూలిన పిదప నొంటిపోలికల నెంత నమ్మవలయునో చదువరులే యూహింపఁగలరు.

లాటినున ‘కాల్కులుస్’ అనఁగాఁ జిన్న గులకఱాయి. రోమనులు పలకపై గులకఱాళ్ళ నుంచి లెక్కించెడివారు. ఆ ఱాళ్ళ పేరే లెక్కకుఁ బేరైనది. అది సున్నపుఱాతికిఁ బేరైన ‘కాల్క్స్’ నుండి పుట్టినది. దానికి మూలము గ్రీకున గులకకుఁ బేరైన ‘ఖాలిక్స్’. ఇందు ద్రావిడ ‘కల్’ ను జూచుటకుఁ గన్ను లాడును. అంతేకాదు, సంస్కృతమున ‘కల’ ధాతువునకు లెక్కించుట యర్థము. 1150 నాఁటి భాస్కరాచార్యుని లీలావతిలో సంకలిత వ్యవకలితములు కూడికయుఁ దీసివేఁతయు. న్యూటను, లైబ్నిట్సులు పెంపొందించిన గణితశాఖకు నేఁడు తెలుఁగునఁ గలనగణితమని పేరు. ధ్వనికిని నర్థమునకును నొక్కమాఱు కుదిరిన పేరు. అయినను ఱాయి ముందు పుట్టి లెక్కగా మాఱిన లాటినుచరిత్రము సంస్కృత కలనమునకు లేదు. సంస్కృతమున గులక లేదు, లెక్క యున్నది. ద్రావిడమున ఱాయి యున్నది, లెక్క లేదు. లాటినున రెండు నుండుటచే మూఁటిని ముడిపెట్టుట ముడివేయువాని నేర్పే గాని మాటల చుట్టఱికము గాదు.

నిఘంటుకారుల పని యిచ్చట మొదలగుచున్నది. ఒకే శీర్షికక్రిందఁ గల్లునకు మద్యము, ఱాయి యని రెండర్థములు వ్రాసినచో నొక్క పదమే రెండర్థములఁ దాల్చినదని చదువరి యనుకొనును, అది యసత్యము. రెండు శీర్షికలు వలయును. ప్రతిదానిచెంతఁ దమిళ కన్నడరూపములు వలయును. అవి లేనిచో శీర్షికలు రెండైనను గారణము తెలియదు. 1872లో గుండర్టు మలయాళమునకును, 1894లోఁ గిట్టెలు కన్నడమునకును రచించిన నిఘంటువులలో సోదరభాషారూపముల నుదాహరించు పద్ధతి కలదు. 1961లో వెలువడి 1984లో సంస్కరింపఁబడిన బరో, ఎమెనోల ద్రావిడవ్యుత్పత్తికోశమున నీ కల్లులకును గళ్ళులకును వేఱువేఱు సంఖ్య లీయఁబడినవి. తెలుఁగుబడులలో నుపయోగించు చిన్న నిఘంటువులలోనికి నీ భేదము దిగవలసి యున్నది. దిగునప్పు డత్యుత్సాహమును గూడదు. ఱోలు ఱాతిది గావున దాని తోడిదైన రోఁకలిలోఁ గూడ ‘కలి’ యనునది ఱాయి యని యొకఁడు వ్రాయవచ్చును. రోఁకలి కొయ్యది, తమిళమున ‘ఉలక్కై’, కన్నడమున ‘ఒనకె’. అందుఁ గల్లు లేనే లేదు.

కల్లూరి విషయమున నేమి చెప్పవలయును? ఱాయి యైనచోఁ దమిళునికిఁ ‘గల్లూర్’, మద్యమైనచోఁ ‘గళ్ళూర్’ అగును. తెలుఁగున రెండును గల్లూరే. ల-ళలు కలసిపోకముందు చెక్కిన శాసనమున నా యూరి పేరు దొరకినచో నొక్క యక్షరము చూచి తీర్పు చెప్పవచ్చును. అట్టి శాసనము లేనిచో నూరి నేలను జూడవలయును: బండలున్నవా, తాళ్ళున్నవా? రెండు నున్నచోఁ బిల్లవానికి రెండు మాటలను జెప్పి, ప్రశ్నను బ్రశ్నగానే విడుచుట యుపాధ్యాయునికిఁ దగును.